అదునుకు అందే రొక్కం: ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో రైతు సాయం కథ

నెల్లూరు జిల్లా పేరు చెప్పగానే పెన్న కాలువల కింద పండే వరి గుర్తొస్తుంది. 1855లో నెల్లూరు దగ్గర, 1886 నాటికి సంగం దగ్గర లేచిన ఆనకట్టలు జిల్లాకు ఆ పేరు తెచ్చాయి. సంగం దాటి పడమటికి పోతే సంగతి వేరు. ఆత్మకూరు, మర్రిపాడు, వింజమూరు, దుత్తలూరు, వరికుంటపాడు, ఉదయగిరి, సీతారామపురం, అక్కణ్ణుంచి వెలుగొండల దాకా అంతా మెట్ట. చెరువు నిండిన ఏడు నాలుగు మడులు వరి, నిండని ఏడు జొన్న, కంది, మినుము, పొగాకు, ఇంటికో గొర్రెల మంద. 78 టీఎంసీల సోమశిల జలాశయం ఆత్మకూరు పక్కనే అనంతసాగరం మండలంలో ఉన్నా, దాని నీళ్లు ముఖ్యంగా కిందనున్న డెల్టాను తడపడానికే పోయాయి. ఇలాంటి చోట ప్రభుత్వం రైతు ఖాతాలో నేరుగా డబ్బు వేస్తే ఆ ఇంట్లో మారేదేమిటి? ఈ ప్రశ్నకు 2019 నుంచి లెక్క మొదలుపెడితే సగం జవాబే దొరుకుతుంది. ఈ నేల మీద రైతుకు రొక్కం ఎప్పుడు అవసరమైంది, ఎవరిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు అన్నది నూటయాభై ఏళ్ల వెనక నుంచి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. మెట్ట రైతును కుంగదీసింది అదునులో చేతిలో రొక్కం లేకపోవడం. కాబట్టి నగదు సాయాన్ని ఎంత ఇచ్చారన్న దానికన్నా, ఎప్పుడిచ్చారు, ఎవరి చేతికిచ్చారు అన్న దానితోనే తూచాలి.

1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి కోటను గెలిచిన నాటికే ఇది పేరున్న సీమ. తర్వాతి పాలకుల కాలంలో జాగీరుగా మారి, కంపెనీకి వ్యతిరేకంగా జరిగిన 1839 నాటి కుట్ర కేసులో జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్ చిక్కుకోవడంతో కంపెనీ సర్కారు చేతికి పోయింది. జాగీర్దారు పోయి సర్కారు రావడం రైతు ఇంటికి పెద్ద మార్పే. రైత్వారీలో పట్టా రైతు పేరనే ఉంటుంది, కిస్తు మాత్రం రొక్కంలో, చెప్పిన వాయిదాకు కట్టాలి. వాన పడ్డా పడకపోయినా వాయిదా ఆగదు. కొత్త పంట ధర దిగిన రోజుల్లోనే అమ్మి కిస్తు కట్టడం, విత్తనాల వేళకు మళ్లీ అప్పుకు పోవడం ఆ ఏర్పాటులోనే ఉంది. విత్తనాలకు, ఎద్దులకు సర్కారు ముందుగా డబ్బిచ్చే తక్కావి పాత పాలకుల నాటినుంచీ ఉన్నమాట నిజమే. కానీ అది అప్పు, కిస్తుతో పాటే తిరిగి వసూలయ్యేది.

1876లో రెండు రుతుపవనాలూ మొహం చాటేయడంతో ఈ ఏర్పాటు బలహీనత బయటపడింది. 1876–78 కరువు మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడపలతో పాటు నెల్లూరునూ కొట్టింది. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 లెక్కల్లో ఈ జిల్లా జనం తగ్గిపోయారు. ఆ కాలంలో సర్కారు సాయమంటే కరువు పనుల్లో రాళ్లు కొట్టడమే. 1877 జనవరిలో కరువు పర్యవేక్షణకు భారత ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, కొద్దిపాటి చిల్లరకు దించాడు. ఆ తిండితో మనిషి పనిచేసి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఎదురు తిరిగాక ఆ కొలత సడలింది. రైతు మాట ఇంకా కష్టం. కరువు పనికి పోతే పొలం పడావు పడుతుంది, పొలం దగ్గరే ఉంటే తిండి లేదు. అప్పుడొచ్చింది అసలు మలుపు. 1877 ఆగస్టులో మద్రాసు సభ చేసిన విజ్ఞప్తికి లండన్ మేయర్ తెరిచిన చందా నిధిలో ఆరు లక్షల పౌన్లకు పైగా పోగైంది. ఆ ఏడాది చివర వానలు పడ్డాక నిధిలో పెద్ద భాగాన్ని రైతులకు విత్తనాలు, ఎద్దులు కొనుక్కోవడానికి, కూలిన గుడిసెలు కప్పుకోవడానికి తిరిగి కట్టనక్కరలేని డబ్బుగా పంచారు. నిధి కార్యదర్శి విలియం డిగ్బీ 1878లో అచ్చువేసిన గ్రంథంలో ఆ పంపకం వివరాలున్నాయి. రైతుకు నేరుగా నగదు ఇవ్వడం నిన్నమొన్నటి ఎన్నికల్లో పుట్టిన ఆలోచన అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ డబ్బుకున్న విలువంతా అది వాన వెనకే రావడంలో ఉంది. ఎద్దులు చచ్చిపోయి, గింజలు తినేసిన ఇంటికి తడి ఆరకముందే రొక్కం చేరితేనే ఆ ఏడు దుక్కి సాగుతుంది.

ఆ అనుభవం నుంచి సర్కారు నేర్చుకున్నది మాత్రం అప్పులివ్వడమే. 1883లో బావులకు, గట్లకు భూమి అభివృద్ధి అప్పుల చట్టం, 1884లో విత్తనాలకు, పశువులకు వ్యవసాయదారుల అప్పుల చట్టం వచ్చాయి. అర్జీ పెట్టాలి, హామీ చూపాలి, విచారణ జరగాలి. అన్నీ పూర్తయ్యేలోగా అదును దాటిపోతుంది. 1895–97లో ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు సర్కారుకిచ్చిన నివేదిక సహకార సంఘాలకు దారి తీసింది. రైతు ప్రామిసరీ నోటు రాసి షావుకారు గడప ఎక్కడానికి కారణం అమాయకత్వం కాదు. షావుకారు ఊళ్లోనే ఉంటాడు, అడిగిన పూటే ఇస్తాడు, వడ్డీ మాత్రం పిండుకుంటాడు. 1904 సహకార చట్టం, 1969 బ్యాంకుల జాతీయీకరణ తర్వాత కూడా మెట్టలో ఈ పోటీలో గెలిచింది ఎక్కువగా షావుకారే. 2008లో కేంద్రం, 2014 తర్వాత రాష్ట్రం చేసిన రుణమాఫీలు బ్యాంకు అప్పున్నవాడికే అందాయి, నోటు మీద తెచ్చుకున్నవాడికి ఏమీ మిగల్లేదు. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. సగటు అప్పు 2.45 లక్షల రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ.

తెలంగాణ 2018 మేలో ఎకరాకు 4,000 చొప్పున రైతుబంధు మొదలుపెట్టింది. 2019 ఫిబ్రవరిలో కేంద్రం ఏడాదికి 6,000 రూపాయల పీఎం కిసాన్ తెచ్చింది. అదే ఏడు అక్టోబరు 15న వెంకటాచలం మండలం కాకుటూరులో, అంటే ఈ జిల్లాలోనే, కేంద్రం సొమ్ముతో కలిపి 13,500 రూపాయల రైతు భరోసా మొదలైంది. 2025 ఆగస్టు 2న ఒకప్పటి నెల్లూరు జిల్లా భాగమైన దర్శి ప్రాంతంలో, దాని స్థానంలో వచ్చిన అన్నదాత సుఖీభవ తొలి విడతగా, పీఎం కిసాన్‌తో కలిపి, 7,000 రూపాయలు జమ చేశారు. ఏడాదికి మొత్తం 20,000. ఈ మొత్తాలతో ఏ కుటుంబమూ గడవదు, నిజమే. కానీ మెట్టలో లెక్క వేరుగా నడుస్తుంది. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి 7,000 తెచ్చి ఎనిమిది నెలలకు తీరిస్తే వడ్డీయే 1,120 అవుతుంది. అప్పిచ్చినవాడికే పంట వేయాల్సి వస్తే ధరలో పోయేది అంతకన్నా ఎక్కువ. చేతి రొక్కంతో విత్తనాలు కొన్న రైతు నచ్చిన రకం ఎంచుకోగలడు, కళ్లంలోనే తెగనమ్మకుండా నాలుగు వారాలు ఆగగలడు, చూడి గొర్రెను అమ్ముకోకుండా ఉంచుకోగలడు. 2011–12లో మధ్యప్రదేశ్ గ్రామాల్లో ‘సేవా’ (SEWA) సంస్థ ప్రతి మనిషికీ నెలనెలా కొద్దిపాటి డబ్బిచ్చి చూసిన ప్రయోగంలోనూ తేలింది దాదాపు ఇదే. చిన్న రైతులు విత్తనాల మీద, పశువుల మీద ఎక్కువ పెట్టారు, అప్పుల ఒత్తిడి తగ్గింది. హైదరాబాదుకు చెందిన శరత్ దావల కూడా ఒక రచయితగా 2015లో వెలువడిన పుస్తకంలో ఆ ఫలితాలున్నాయి.

డబ్బు చేతికిస్తే మగవాళ్లు తాగేస్తారన్న మాట తరచూ వినపడుతుంది. మధ్యప్రదేశ్ ప్రయోగంలో మందు ఖర్చు పెరిగిన దాఖలా కనిపించలేదు. అయినా ఈ ప్రాంతానికి ఆ జవాబు బయటినుంచి రానక్కరలేదు. 1990ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి నడిచారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం వెనకే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు ఇదే జిల్లాలో లేచాయి. డబ్బు ఎక్కడ చేరితే ఇల్లు నిలబడుతుందో చూపించిన ఊళ్లివి. కాబట్టి సాయాన్ని ఆపడం పరిష్కారం కాదు, పట్టా మగవాడి పేరున ఉన్న ఇళ్లలో భార్య పేరు చేర్చడం పరిష్కారం. ఇంకో ఆక్షేపణ బలమైనది. ఏటా పంచే కోట్లను వెలిగొండ ప్రాజెక్టుకో సోమశిల హైలెవల్ కాలువకో పెడితే ఉదయగిరి శాశ్వతంగా బాగుపడుతుంది కదా? నీళ్లు రావాలి, అందులో రెండో మాట లేదు. అయితే వెలిగొండ శంకుస్థాపన 1996లో జరిగింది. కాలువ వచ్చేదాకా విత్తడం ఆపుకోగల రైతు ఎవరూ లేరు. కాలువ వచ్చాక కూడా తొలి ఏడాది చదును చేయడానికి, కొత్త పంట వేయడానికి రొక్కం కావాల్సిందే. ఒకటిస్తున్నాం కాబట్టి రెండోది మానేస్తాం అనే సర్కారును నిలదీయాలి. ఆ తప్పు రైతు చేతిలోని 7,000 మీద రుద్దకూడదు.

నగదు సాయానికి తగిలే నిజమైన దెబ్బ వేరే చోట ఉంది. 1884 చట్టం హామీ అడిగితే, పీఎం కిసాన్ పట్టా అడుగుతోంది, కౌలు రైతుకు అందులో చోటే లేదు. రైతు భరోసా భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లను చేర్చుకుంది. కానీ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని సంతకం పెట్టాలి, భూమి పోతుందన్న భయంతో చాలామంది పెట్టరు. యజమాని బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటే సాయం అక్కడి ఖాతాలో పడుతుంది, దుక్కి ఇక్కడ ఇంకొకరు దున్నుతారు. తరాల తరబడి సాగులో ఉన్నా పాత రీసెట్టిల్మెంటు రిజిస్టరులో పేరు చోట చుక్కలు పెట్టిన భూముల గతి చూడండి. 2017లో చుక్కల భూముల చట్టం వచ్చి, 2023 మేలో కావలి సభలో హక్కు పత్రాలు పంచేదాకా వాళ్లలో ఎందరికో కాగితం లేదు.

వాయిదాల సంగతి కూడా చూడాలి. నెల్లూరు వానలో పెద్ద భాగం ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మెట్టలో పొగాకు నాట్లు, మినుము, శనగ ఆ వానలనే నమ్ముకున్నాయి. రైతు భరోసాలో పెద్ద విడత 7,500 మేలో పడేది, అక్టోబరు విడత 4,000. రాష్ట్రమంతటికీ ఒకే క్యాలెండరు పెట్టడంతో ఇక్కడి రైతుకు అవసరమైన నెలలో తక్కువ, అవసరం లేని నెలలో ఎక్కువ అందింది. ఇక పీఎం కిసాన్ సొమ్ము 2019లో 6,000, ఆరేళ్లు గడిచినా 6,000. ఎరువు, డీజిలు, కూలి ఆ ఆరేళ్లూ ఉన్నచోట ఉండలేదు. ఈ మెట్ట మండలాలకు పెద్ద విడతను సెప్టెంబరు ఆఖరుకు జరపాలి. యజమాని సంతకం లేకుండానే, గ్రామసభలో పదిమంది ఎదుట సాగుదారుణ్ని గుర్తించి కార్డు ఇవ్వాలి. సాయం మొత్తాన్ని ఏటా ధరలతో ముడిపెట్టాలి. ఈ మూడూ జరిగేలా అడగాల్సిన బాధ్యత ఉదయగిరి, ఆత్మకూరు ప్రజాప్రతినిధుల మీద ఉంది. వాళ్ల చేత అడిగించాల్సింది ఓటేసే మనమే.