జమేదారు కట్టిన రాజ్యం

"మీరు అరబ్బు దేశం నుంచి వచ్చినోళ్లే గదా" అంటారు ఇల్లందులోనూ. చరిత్ర ఎదురు నడిచిన సంగతి వాళ్లకు తెలియదు. 19వ శతాబ్దంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి బతుకుదెరువుకు వచ్చిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ నిజాం ఫౌజులో అరబ్బుల జమేదారు అయ్యాడు. ఇక్కడి సంపాదనతోనే అక్కడ రాజ్యానికి పునాది వేశాడు. 1858లో షిబాం, 1881లో ముకల్లా ఆ వంశం చేతికొచ్చాయి. 1967 దాకా ఏలింది.

నిజాం ఫౌజుకు జీతాలెక్కడివి? నిజాం ఏలుబడిలోని మన పల్లెలు కట్టిన శిస్తు. అది అరబ్బు గడ్డ మీద గద్దె అయింది. మరి ఇల్లందు బొగ్గుబాయిలో దిగిన సాయిబుకు ఏ గద్దె దక్కింది? పేరు అరబ్బీది, ఒంటికంటిన మసి ఇక్కడిది. మమ్మల్ని ఎక్కడివాళ్లని అడిగేముందు ఆ శిస్తు లెక్క అడగండి.