తారణ నామ సంవత్సరంలో ఒక పసిరాజు

శ్రీకృష్ణదేవరాయల కొడుకు తిరుమలరాయల పేరు ఎత్తగానే మాట ఆయన మంత్రి తిమ్మరుసు (అప్పాజీ) కళ్ళ మీదికి మళ్ళుతుంది. పిల్లవాడు చనిపోయాడు, నేరం అప్పాజీ మీద పడింది, రాయలు ఆయన కళ్ళు తీయించాడు. ఈ కథ తెలుగువాళ్ళకు తరతరాలుగా తెలుసు. 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ సినిమా దాన్ని ఇంకా గట్టిగా మనసుల్లో నాటింది. నిర్దోషి అయిన మంత్రి కోసం ఆ రోజుల్లో హాళ్ళలో కన్నీళ్ళు పెట్టుకోనివాళ్ళు తక్కువ. ఆ కన్నీళ్ళలో పిల్లవాడి వాటా ఎంత? అతను ఎప్పుడు పుట్టాడు, ఏ హోదాలో ఉన్నాడు, ఎలా పోయాడు అన్న ప్రశ్నలు మంత్రి కథకు ముందుమాటగానే మిగిలిపోయాయి. ఈ వ్యాసంలో వరస మారుస్తున్నాను. ముందు పిల్లవాడు, తరవాతే మంత్రి.

అన్నిటికంటే గట్టి ఆధారం రాతి మీద ఉంది. శక సంవత్సరం 1446, తారణ నామ సంవత్సరం, అంటే క్రీస్తుశకం 1524-25 నాటి కొన్ని శాసనాలు కృష్ణరాయల కుమారుడు తిరుమలరాయ మహారాయల పేరు చెబుతాయి. చరిత్రకారులు ఎక్కువమంది అతన్ని పట్టపురాణి తిరుమలదేవి కొడుకుగా గుర్తిస్తారు. దానశాసనం కథ చెప్పడానికి వేయించేది కాదు. ఎవరి ఏలుబడిలో, ఏ తిథినాడు, ఏ దేవుడికి, ఏ ఊరు ఇచ్చారో చెప్పి ఊరుకుంటుంది. అందుకే దాని మాటకు విలువ ఎక్కువ. ఊరి కరణమో, స్థానాపతియో ఆ పేరు చెక్కించాడంటే, ఆ పేరుతో దానం ఇస్తే చెల్లుతుందని నమ్మాడన్నమాట. రాజధానిలో ఆ పిల్లవాడికి జరిగిన పట్టాభిషేకం వార్త ఊళ్ళకు చేరిందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

అయితే అదే ఏడాదిలోనూ ఆ తరవాతా కృష్ణరాయల పేరుతోనూ శాసనాలు వస్తూనే ఉన్నాయి, 1529లో ఆయన మరణం దాకా. కాబట్టి రాయలు రాజ్యం పూర్తిగా వదిలేశాడన్న మాటను రాళ్ళు బలపరచవు. తండ్రి బతికుండగానే కొడుకును తన పక్కన కూర్చోబెట్టి, రాజుగా అందరిచేతా ఒప్పించాడన్నంతవరకే అవి మనల్ని తీసుకెళ్తాయి.

రెండో ఆధారం ఫెర్నావో న్యూనిజ్ రాసిన వృత్తాంతం. అతను పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. అచ్యుతదేవరాయల కాలంలో, 1535 ప్రాంతాల్లో విజయనగరంలో ఉండి, విన్నదీ చూసిందీ రాశాడు. ఆ రాతప్రతి పారిస్ గ్రంథాలయంలో బయటపడింది. డేవిడ్ లోపెష్ దాన్ని 1897లో లిస్బన్‌లో అచ్చువేస్తే, 1900లో రాబర్ట్ సూయెల్ ఇంగ్లీషులోకి తెచ్చాడు. తిరుమలరాయల మరణం గురించి ఇవాళ మనం చెప్పుకునే కథ దాదాపు అంతా ఈ ఒక్క మూలం నుంచే వచ్చింది. ఒకే సాక్షి ఉన్నప్పుడు అతని మాటలను వరసగా, తొందరపడకుండా చదవాలి.

న్యూనిజ్ చెప్పింది ఇది. రాయలకు వయసు పైబడింది. విశ్రాంతి కోరుకుని, తన తరవాత కొడుకే రాజు కావాలని ఆరేళ్ళ కొడుకుకు రాజ్యం కట్టబెట్టి, తాను మంత్రిగా ఉన్నాడు, కొడుకుకు తానే నమస్కరించాడు. సాళువ తిమ్మరుసు సలహాదారు అయ్యాడు, ఆయన కొడుకుల్లో ఒకడికి పెద్ద పదవి దక్కింది. ఎనిమిది నెలలు ఉత్సవాలు జరిగాయి. ఆ ఉత్సవాల మధ్యే పిల్లవాడికి జబ్బు చేసింది, చనిపోయాడు. చనిపోయాక, తిమ్మరుసు కొడుకు విషం పెట్టాడని రాయలకు తెలిసింది.

ఇక్కడ ఆగి చూడాలి. న్యూనిజ్ ముందు చెప్పింది జబ్బు. విషం సంగతి మరణం తరవాత రాజు చెవిన పడిన మాట. ఎవరు చెప్పారు, ఏ ఆధారంతో చెప్పారు అన్నది ఆ వృత్తాంతంలో లేదు. రాజు నమ్మాడు అని మాత్రం ఉంది. పైగా కథనంలో విషం పెట్టినవాడు తిమ్మరుసు కొడుకు. ఆ వెంటనే నిండుకొలువులో రాజు చేసిన ప్రసంగంగా న్యూనిజ్ ఇచ్చిన మాటల్లో నేరం తండ్రీకొడుకులందరి మీదికీ పాకుతుంది. ఒకే పుటలో నిందితుల సంఖ్య పెరిగింది. రాజు కోపంలో అన్నమాటకూ, జరిగిందని రచయిత చెప్పినదానికీ మధ్య ఉన్న ఈ తేడాను మన తెలుగు కథనాలు పట్టించుకోలేదు.

ఆ ప్రసంగంలో ఇంకో సంగతి ఉంది. వెనక వీరనరసింహరాయలు చనిపోతూ తమ్ముడు కృష్ణరాయల కళ్ళు తీయమని ఆజ్ఞాపిస్తే, తిమ్మరుసు మేక కళ్ళు చూపించి ఆయన్ను కాపాడాడని న్యూనిజే ముందు రాశాడు. ఇప్పుడు రాయలు ఆ ఉపకారాన్నే ఎత్తిచూపి, నీ ప్రభువు ఆజ్ఞను ఆనాడే మీరావు, నువ్వు ఆనాడే ద్రోహివి అన్నాడట. కొడుకు పోయిన తండ్రి నోట ఇలాంటి మాట రావచ్చు. కథ చక్కగా కుదరాలని ఊళ్ళో జనం కల్పించినదీ కావచ్చు. కళ్ళతో మొదలై కళ్ళతో ముగిసే ఇంత పొందికైన కథను నేను కొంచెం జాగ్రత్తగానే చూస్తాను.

ప్రసంగం మాట ఎలా ఉన్నా, దాని తరవాతి వాక్యం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. తిమ్మరుసును, ఆయన కొడుకులను పట్టుకునేటప్పుడు రాయలు అక్కడ గుర్రాలతో వచ్చి ఉన్న పోర్చుగీసువాళ్ళను సాయం పిలిచాడని న్యూనిజ్ రాశాడు. అంటే ఈ కథ అతనికి ఎక్కడ దొరికి ఉంటుందో ఊహించవచ్చు. తన తోటి వ్యాపారులే ఆ అరెస్టును కళ్ళారా చూసి ఉంటారు. పదేళ్ళ తరవాత ఆ సంగతి న్యూనిజ్‌కు చెప్పి ఉంటారు. అరెస్టుకు విదేశీ సాక్షులు ఉండే అవకాశం బలంగా ఉంది. అంతఃపురంలో పిల్లవాడు మంచం పట్టిన గదిలోకి ఆ గుర్రాల వ్యాపారుల్లో ఎవరూ వెళ్ళి ఉండరు.

న్యూనిజ్ మాటను సరిచూసుకోవడానికి మరో దారి ఉంది. అతను ఇలాంటి విషయాలు వేరేచోట ఎలా చెప్పాడో చూడటం. సాళువ నరసింహుడి కొడుకు ఇమ్మడి నరసింహుణ్ణి పెనుకొండలో చంపించింది కృష్ణరాయల తండ్రి తుళువ నరసనాయకుడని అతను రాశాడు. నరసనాయకుడు 1503లో పోయాడు. ఇమ్మడి నరసింహుడు 1505 దాకా ఉన్నాడని శాసనాలు చెబుతున్నాయి. హత్య జరిగిన మాట నిజమే కావచ్చు, చేయించినవాడి పేరు మాత్రం తప్పింది. రాజకుమారుల మరణాల విషయంలో న్యూనిజ్ విన్నదానిలో సంఘటన నిలిచి, దోషి మారిపోయిన ఉదాహరణ ఇది. తిరుమలరాయల విషయంలోనూ అలాగే జరిగిందని నేను అనను. అలా జరగడం అసాధ్యం కాదని మాత్రం ఈ ఉదాహరణ చూపిస్తుంది.

వయసు లెక్కలోనూ చిక్కుంది. 1509లో పట్టానికి వచ్చేనాటికి రాయలకు ఇరవై దాటాయని న్యూనిజే చెప్పాడు. ఆ లెక్కన 1524లో ఆయనకు నలభై కూడా నిండి ఉండకపోవచ్చు. వయసు పైబడి విశ్రాంతి కోరుకున్నాడన్న కారణం అందుకే నిలవదు. అసలు కారణం ఆ ఇంటి చరిత్రలోనే ఉందని నా అభిప్రాయం. తుళువవంశం పైకొచ్చిందే పసిరాజులకు సంరక్షకులుగా ఉంటూ. 1491లో సాళువ నరసింహుడు చిన్నపిల్లల్ని వదిలి పోతే, వాళ్ళ తరఫున రాజ్యం నడిపింది కృష్ణరాయల తండ్రి. ఆ పిల్లలు ఇద్దరూ బతకలేదు. వీరనరసింహుడి ఎనిమిదేళ్ళ కొడుకును పక్కనపెట్టి వచ్చినవాడు కృష్ణరాయలు. ఆ అన్నకొడుకునూ, తన తమ్ముళ్ళనూ చంద్రగిరి కోటలో ఉంచింది కూడా ఆయనే. తండ్రి పోయాక పిల్లవాడికి ఏమవుతుందో ఆయనకు తెలిసినంతగా ఆ రాజ్యంలో ఇంకెవరికి తెలుసు? తన కళ్ళముందే అందరిచేతా కొడుక్కు దండం పెట్టించడం, తానే ముందు పెట్టడం ఆ భయం నుంచి వచ్చిన పని అనిపిస్తుంది. ఇది నా ఊహే, కానీ శాసనాలతోనూ న్యూనిజ్‌తోనూ పొసిగే ఊహ.

1524లో ఆరేళ్ళు అంటే 1518 ప్రాంతంలో పుట్టి ఉండాలి. మన లెక్కలో ఆరో ఏడు నడుస్తున్నా ఆరేళ్ళనే అంటాం కాబట్టి ఒక ఏడాది అటూఇటూ. గజపతులతో పోరు ముగిసే రోజుల్లో పుట్టి, రాయచూరు విజయం నాటికి రెండేళ్ళవాడై ఉంటాడు. ఆ పిల్లవాడి రూపం ఎవరూ రాయలేదు. తండ్రి రూపం మాత్రం 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాశాడు. మధ్యరకం ఎత్తు, చామనఛాయ కంటే తెల్లని ఒళ్ళు, కాస్త లావు, మొహం మీద మశూచి మచ్చలు. ఆ మచ్చలు నాకు ముఖ్యమనిపిస్తాయి. రాజుగారి ఇంట పుట్టినా అమ్మవారు గడప దాటి లోపలికి వచ్చిన కాలం అది. తండ్రి బతికి బయటపడ్డాడు. కొడుక్కు వచ్చింది ఏ జబ్బో న్యూనిజ్ పేరు పెట్టలేదు, మనం పెట్టకూడదు. ఆరేళ్ళ పిల్లవాడు జబ్బుచేసి పోవడానికి ఆ రోజుల్లో విషం అక్కర్లేదన్నది మాత్రం మరవకూడదు.

విషం వెనక గజపతుల కుట్ర ఉందన్న కథ మనలో బాగా ప్రచారంలో ఉంది. న్యూనిజ్ వృత్తాంతంలో ఆ ఊసే లేదు. రాయల జైత్రయాత్రలను వర్ణించే ‘రాయవాచకము’ మధుర నాయకుల కాలపు రచన. గజపతితో పోరు, వియ్యం దగ్గరే అది ముగుస్తుంది, పిల్లవాడి దాకా రాదు. కాబట్టి కుట్ర కథను ఆధారాల వరసలో చేర్చలేను.

కళ్ళు తీయించిన సంగతికి వస్తే, మన జ్ఞాపకం కాలాన్ని బాగా కుదించింది. పిల్లవాడు పోగానే రాయలు ఆవేశంలో శిక్ష వేశాడని చెప్పుకుంటాం. న్యూనిజ్ ప్రకారం మధ్యలో మూడేళ్ళ చెర ఉంది. తిమ్మరుసు కొడుకు తిమ్మదండనాయకుడు తప్పించుకుని, కొండల్లో ఒక బంధువు దగ్గర చేరి, తిరుగుబాటు చేశాడు. సైన్యం పంపి పట్టి తెచ్చాక తండ్రీకొడుకుల కళ్ళు తీయించారు. బ్రాహ్మణులకు మరణశిక్ష వేయరు కాబట్టి ఈ శిక్ష అని కూడా రాశాడు. తిమ్మదండనాయకుడు చెరలోనే పోయాడు. అంటే కళ్ళు పోవడానికి దగ్గరి కారణం తిరుగుబాటు. పిల్లవాడి మరణం దానికి మూడేళ్ళ వెనక ఉంది. ఈ రెండింటినీ ఒకే రాత్రిలోకి తెచ్చింది నాటకమూ సినిమాయే.

నా అంచనా చెబుతాను. పట్టాభిషేకం జరిగింది, పిల్లవాడి పేరున శాసనాలు పడ్డాయి, కొద్ది నెలల్లో అతను పోయాడు. ఇంతవరకు సందేహం లేదు. తిమ్మరుసు కుటుంబం చెరపట్టడం చాలావరకు నమ్మదగినది. విషం మాత్రం ఒక తండ్రి నమ్మకం, దాన్ని పదేళ్ళ తరవాత విన్న ఒక వ్యాపారి రాత. తిమ్మరుసు నిర్దోషి అని నిరూపించలేం, దోషి అని అంతకన్నా నిరూపించలేం.

1529లో రాయలు పోయేనాటికి ఆయనకు పద్దెనిమిది నెలల ఇంకో కొడుకు ఉన్నాడని న్యూనిజ్ అంటాడు. ఈసారి రాయలు పిల్లవాడికి పట్టం కట్టలేదు. చంద్రగిరిలో ఉన్న తమ్ముడు అచ్యుతుణ్ణి రప్పించమన్నాడు.

తిరుమల గుడి మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో మూడు లోహవిగ్రహాలు ఉంటాయి. చేతులు జోడించిన రాయలు, అటూఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. 1517 నాటి దర్శనం సందర్భంగా వాటిని నిలిపారని చెబుతారు. క్యూలో వెనకనుంచి తోపుడు మధ్య వాటిని చూసేది రెండు క్షణాలు. చూసిన ప్రతిసారీ తిరుమలదేవి పక్కన, ఆమె మోకాలి ఎత్తున, ఒక చిన్న విగ్రహం కోసం నా కళ్ళు వెతుకుతాయి. న్యూనిజ్ లెక్క సరైనదైతే, ఆ విగ్రహాలు పోతపోసేనాటికి ఆ పిల్లవాడు ఇంకా పుట్టలేదు.