వ్రాయసకాని చేయి – విరామపు గంట

రాజుల చరిత్రమునందు వ్రాయసకానికి చోటు దొరకుట అరుదు. శాసనము చివర లేఖకుని పేరొకటి కానవచ్చిన రావచ్చును, అంతటితో సరి. మా దిగపహండి పెద్దకిమిడి జమీందారీకి ముఖ్యస్థానము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా ప్రత్యేక రాష్ట్రమగువరకు ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చేరినదే. జమీందారీలు రద్దగువరకు కచేరీలలో కూర్చుండి శిస్తు లెక్కలు, కవిలెలు, అర్జీలు వ్రాసినవారు కరణములు, గుమాస్తాలు. వారి కుడిచేతికి విశ్రాంతి పూర్వమెట్లు దొరకెడిది, తరువాత ఎట్లు పోయెను, దానిని మరల తెచ్చుటకై ఇప్పుడు కంప్యూటరులోనే ఒక చిన్న గంటను ఎట్లు అమర్చిరి అను సంగతిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. నేనును గుమాస్తానే గనుక ఈ విషయమున నాకు కొంత పక్షపాతము కలదని పాఠకులు గ్రహింతురుగాక.

తాటియాకుపై గంటముతో వ్రాయుట తేలికపని కాదు. ఎడమచేత ఆకు పట్టి, ఆ చేతి బొటనవ్రేలిని గంటమునకు ఆనికగా ఉంచి, అక్షరమక్షరమునకు ఆకును జరుపుచుండవలెను. గీసిన అక్షరము వెంటనే కంటికానదు. ఆకు నిండిన పిమ్మట మసి పూసి తుడిచినగాని వ్రాత తేలదు. అనగా వ్రాత కొంతసేపు, పూత కొంతసేపు. ఈ రెంటి నడుమ చేతికి, కంటికి పని మారుచుండెను. తరువాత కలము, సిరాబుడ్డి వచ్చెను. నాలుగైదు మాటలు వ్రాయగానే కలమును సిరాలో ముంచవలెను. కాగితము నిండగనే ఇసుక చల్లియో, అద్దుడు కాగితముతో అద్దియో ఆరబెట్టవలెను. ఈ విరామమును ఎవరును చట్టముచేసి ఇచ్చినది కాదు. అది పనిముట్టులోనే ఇమిడియున్నది.

బరంపురము పట్టుమగ్గముల సంగతియు ఇంతే. తెలుగుదేశమునుండి తరలివచ్చిన దేవాంగులు ఆ పట్టణమునకు పట్టుచీరలతో పేరు తెచ్చిరి. గుంటమగ్గముపై కూర్చున్న నేతగాడు ఎంత చేయి తిరిగినవాడైనను, కండె అయిపోయిన ఆగవలెను, పోగు తెగిన ఆగి ముడివేయవలెను, నేసిన గుడ్డను చుట్టుటకు ఆగవలెను. ఆగినప్పుడు నడుము నిటారు చేయును, ఇంటివారితో ఒక మాట ఆడును. మరమగ్గము వచ్చిన పిదప ఆ ఆగుట తగ్గెను. మన గంజాం జిల్లానుండి సూరత్తు మరమగ్గములకు పోయిన మనుష్యులు పండ్రెండు గంటల పాళీలలో నిలుచుండి నాలుగేసి మగ్గములకు, అంతకు మించియు, కాపుండుట ఈ ప్రాంతమున తెలియనివారు లేరు. ఒక మగ్గము ఆగినను తక్కినవి ఆడుచునేయుండును. యంత్రము అలయదు గనుక మనుష్యునికి ఆగుటకు వీలులేదు.

పూర్వము కాలము తెలుపుటకు గడియకుడుక యుండెడిది. అడుగున సన్నని రంధ్రముగల రాగి గిన్నెను నీటిపై విడిచినచో అది నిండి మునుగుటకు ఒక గడియ, అనగా ఇరువది నాలుగు నిమిషములు పట్టును. మునిగినవెంటనే కాపరి గంట మీద కొట్టి, గిన్నెను మరల తేల్చును. ఆ గంట ఊరందరికి ఒక్కటే. ఫలానివాడు ఇంతసేపు వంగి వ్రాసినాడు, ఇక లెమ్మని అది చెప్పజాలదు. ఒక్కొక్క మనుష్యుని వ్రేళ్లను విడివిడిగా లెక్కించి వానికే చెప్పు గంట మన కాలమున గాని పుట్టలేదు.

వ్రాతవలన చేయి చెడుననుట క్రొత్తమాట కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దినో రామజ్జీని 1700లో వృత్తులవలన కలుగు రోగములను గూర్చి లాటిను భాషలో ఒక గ్రంథము ప్రకటించెను. 1713లో దానికి చేర్చిన అనుబంధమునందు లేఖకులను గూర్చి ఒక అధ్యాయము కలదు. ఎడతెగక కూర్చుండుట, చేయి ఎల్లప్పుడు ఒకే తీరున కదలుట, తప్పు పడునేమోయని మనస్సు బిగబట్టియుండుట – ఈ మూడును లేఖకుల రోగమునకు కారణములని ఆయన నిర్ణయించెను. మూడువందల యేండ్ల తరువాతను ఈ నిర్ణయములో తీసివేయదగినదేదియు నాకు కనబడలేదు. ఆయన ఒక నోటరీ కథ చెప్పినాడు. జీవితమంతయు వ్రాసి ఆ మనుష్యుని కుడిచేయి పడిపోయెను. అతడు పట్టుదలతో ఎడమచేత వ్రాయ నేర్చుకొనెను. కొంతకాలమునకు ఆ ఎడమచేతికిని అదే గతి పట్టెను.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో ఉక్కుపాళీ కలములు వచ్చిన పిమ్మట గుమాస్తాల చేయి బిగిసిపోవు జబ్బును వైద్యులు విరివిగా వర్ణించిరి. తంతికచేరీలలో మీట నొక్కువారికి అట్టిదే పుట్టెను. 1908లో బ్రిటిషు ప్రభుత్వమువారు దానిని నష్టపరిహారమునకు తగిన వృత్తిరోగముల పట్టికలో చేర్చిరి. తంతివాని చేయి విషయమై ప్రభుత్వమునకు దయ కలిగెను గాని గుమాస్తా చేయి మాత్రము చాలకాలము వానికే విడువబడినది.

మన దేశమున విశ్రాంతి మొదట ఫ్యాక్టరీలకు వచ్చెను. 1881వ సంవత్సరపు చట్టము పిల్లలకు పనినడుమ ఒక గంట విరామమిచ్చెను. ఆ పిల్లలనగా ఏడేండ్లు మొదలు పండ్రెండేండ్ల లోపువారు! 1891లో పెద్దలకును మధ్యాహ్నము అరగంట లభించెను. 1948 చట్టము ఐదు గంటలకు మించి ఎడతెగక పనిచేయింపరాదనియు, నడుమ అరగంటకు తక్కువకాని విరామముండవలెననియు శాసించెను. కార్మికుల పక్షము వహించినవారిలో బరంపురమున 1894లో పుట్టిన మన తెలుగువాడు వరాహగిరి వేంకటగిరిగారిని తలపకుండుట తప్పు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మెను నడిపినది ఆయనయే. బ్యాంకి ఉద్యోగుల విషయమై న్యాయస్థానమిచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినదని 1954లో కేంద్ర కార్మికమంత్రి పదవిని వదలుకొన్నదియు ఆయనయే. బ్యాంకి గుమాస్తాలకై మంత్రిపదవి వదలినవారు మరియొకరు నాకు స్ఫురించుట లేదు. తరువాత ఆయన రాష్ట్రపతి యయ్యెను. అది వేరు కథ.

ఇక టైపుమిషను. నేను మెట్రిక్యులేషను ప్యాసైన వెంటనే బరంపురములో టైపు నేర్చుకొంటిని. లోయరు పరీక్షకు నిమిషమునకు ముప్పది మాటలు, హయ్యరుకు నలుబదియైదు. ఆనాడు మమ్ములను నిద్రలోకూడ వెంటాడిన అంకెలివి. ఆ మిషనుకు ఒక గంట కలదు. పంక్తి చివరకు వచ్చుసరికి అది మ్రోగును. వెంటనే ఎడమచేత బండిని వెనుకకు త్రోయవలెను. కాగితము నిండిన తీయవలెను, కార్బను కాగితములు సర్దవలెను, తప్పుపడిన రబ్బరుతో చెరపవలెను, రిబ్బను త్రిప్పవలెను. అప్పుడు వీటినన్నిటిని మేము విసుగుపనులనుకొంటిమి. అవియే మా చేతులను కాచినవని నాకు ముప్పదియేండ్లకు గాని తెలియలేదు.

కంప్యూటరు ఈ విసుగుపనులన్నింటిని ఒక్కమారుగా తీసివేసెను. పంక్తి తనంత తానే దిగును. కాగితమే లేదు. తప్పు ఒక్క మీటతో పోవును. వ్రాయువాడు కుర్చీనుండి లేవనక్కరలేదు, మణికట్టు ఎత్తనక్కరలేదు, కన్ను త్రిప్పనక్కరలేదు. తెరవైపు నిలిపిచూచునప్పుడు మనుష్యుడు రెప్పవేయుట సగమునకు, ఒక్కొక్కప్పుడు అంతకన్న తక్కువకును పడిపోవునని కంటివైద్యులు చెప్పుదురు. కంటిలోని తడి ఆరి మంట పుట్టును. 1980ల నడుమ ఆస్ట్రేలియా దేశమున మీటలు నొక్కు ఉద్యోగులలో చేతినొప్పి ఎంతగా ప్రబలెననగా అది అచ్చట గొప్ప వివాదమయ్యెను. 1990లో ఐరోపా సమాజము వారు, తెర యెదుట పనిచేయువానికి నడుమనడుమ విరామమైనను, పనిమార్పైనను ఉండవలెనని యజమానులకు ఆజ్ఞచేసిరి.

ఆజ్ఞ కాగితముపై నుండును. గుర్తుచేయువాడు ప్రక్కన ఉండవలెను గదా! ఈ పనిని ప్రోగ్రాములు వ్రాయువారు తామే తలకెత్తుకొనిరి. ఏలయన మొదట చేతులు చెడినవారిలో వారును ఉన్నారు. 1990లలో ఈమాక్సు అను వ్రాతపరికరములో టైపు-బ్రేకు అను ఒక భాగమును చేర్చిరి. అది గంటకొకసారి ఆగుమని చెప్పును. ఆ గంటలో ఆరవవంతు, అనగా పది నిమిషములు విశ్రమించినగాని దానికి తృప్తి కలుగదు. అంతేకాక నొక్కిన మీటలను కూడ లెక్కించును. ఆ లెక్కకు అది సామాన్యుని వేగముగా తీసికొన్నది నిమిషమునకు ముప్పదియైదు మాటలు. మా లోయరుకు ఐదు ఎక్కువ, హయ్యరుకు పది తక్కువ! ఈ సంగతి తెలిసిననాడు నాకు పాతమిత్రుడు కలిసినట్లయ్యెను.

2001 ప్రాంతమున రాబ్ కేలర్సు, రేమండు పెన్నర్సు అనువారు వర్క్‌రేవ్ అను ప్రోగ్రామును ఆరంభించిరి. ఇది ఎవరైనను వెలలేకుండ వాడుకొనదగినది. మూడు నిమిషముల పని జరిగిన ముప్పది సెకండ్లు, నలుబదియైదు నిమిషములు జరిగిన పది నిమిషములు, దినమంతటికి నాలుగు గంటలే హద్దు – ఇది మొదట అందు అమర్చియుండు ఏర్పాటు. ఎవరి పనినిబట్టి వారు మార్చుకొనవచ్చును. దీనిలోని సొగసు ఏమన, ఇది ఊరక గడియారమును చూచి కేకవేయదు. మీటలపైనను, మౌసుపైనను చేయి కదలుచున్నంతసేపే కాలము లెక్కించును. మనము ఫోను మాట్లాడుచునో, ఎదుటివానితో ముచ్చటించుచునో ఆగినచో దానినికూడ విశ్రాంతిక్రింద జమకట్టును. జమ, ఖర్చు రెండును వ్రాయు నిజమైన గుమాస్తా! పెద్దవిరామమున మెడ, భుజములు, వ్రేళ్లు కదపు కసరత్తులను బొమ్మలతో చూపును. దీని గుర్తు ఒక గొర్రెబొమ్మ. గుమాస్తాలకు గొర్రెను గురుతుగా పెట్టుటలో ఎగతాళి ఏదైన కలదేమోయని నేను మొదట శంకించితిని.

ఆగినచో పని తగ్గునని పైయధికారుల భయము. ఈ భయమును పరీక్షించినవారు కలరు. అమెరికాలో ఆదాయపు పన్ను కాగితముల లెక్కలను కంప్యూటరుకెక్కించు ఉద్యోగులకు, మామూలు విరామములకు తోడు, విరామము లేని గంటలలో ఐదేసి నిమిషములు ఇచ్చి చూచిరి. దినమునకు ఇరువది నిమిషములు ఎక్కువగా ఆగినను పని తగ్గలేదు. ఒంటినొప్పులు, కంటినొప్పులు తగ్గెను. ఈ ఫలితము 2000లో ప్రకటితమయ్యెను. హాలండులో మెడ, చేతుల నొప్పులున్న 268 మంది కంప్యూటరు ఉద్యోగులపై ఎనిమిది వారములు ఇట్టి ప్రోగ్రాములనే ప్రయోగించిరి. 2003లో వెలువడిన దాని ఫలితముబట్టి, ప్రోగ్రాము వాడినవారిలో ఎక్కువమంది తమకు నయమైనదనిరి. మీటల పని హెచ్చెను, తప్పులు తగ్గెను. అయితే సెలవు పెట్టిన దినములలో భేదము కనబడలేదు. కసరత్తులు చేర్చినందువలనను విశేషలాభము లేకపోయెను. ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను గదా.

నా సంగతి చెప్పెదను. నేను పనిచేసిన కచేరీకి 2005 దాటిన తరువాత కంప్యూటర్లు వచ్చెను. పాత రిజిష్టర్లనన్నిటిని వానికెక్కించు పని మాపై పడెను. దినమునకిన్ని పేజీలని లెక్క. మాతో పనిచేయు ఒక చిన్నవాడు విరామము చెప్పు ప్రోగ్రామునొకదానిని ఎచ్చటనుండియో తెచ్చి మా యంత్రములలో అమర్చెను. తెర మసకబారి, లెమ్మని చెప్పగనే మేము లేచి కిటికీవద్దకు పోయి ఎదుటి మర్రిచెట్టును చూచుచుంటిమి. వారము తిరుగకముందే పైయధికారి చూచి, జీతమిచ్చి కంప్యూటరుచేత సోమరితనము నేర్పించుటయా అని దానిని తీసివేయించెను. మేము ఎదురుచెప్పలేదు. పదవీవిరమణకు నాకు పట్టుమని పదేండ్లుకూడ లేవు. ఎదురుచెప్పి ఏమి లాభమని ఊరకుంటిని. రిజిష్టర్లు పూర్తియగునప్పటికి నా కుడి మణికట్టున నొప్పి నిలిచిపోయెను. రాత్రులు వ్రేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చెడిది.

నా దస్తూరి బాగుండునని పదిమందియు మెచ్చుకొనెడివారు. పెండ్లి పత్రికలపై చిరునామాలు వ్రాయించుకొనుటకు ఇంటికి వచ్చెడివారు. పింఛను తీసికొనువారు ప్రతి నవంబరునెలలో తాము బ్రతికియున్నట్లు పత్రమీయవలెను. రెండేండ్ల క్రిందట ఆ పత్రముపై నేను చేసిన సంతకము పూర్వపు సంతకముతో కలియలేదు. మరల చేయుమనిరి, మరల చేసితిని, అదియు కలియలేదు. ఆ గుమాస్తా మర్యాదస్థుడు. తల వంచుకొని సిరామెత్త నావైపు జరిపెను. నలుబదియేండ్లు వ్రాతతో బ్రతికిన చేతితో వ్రేలిముద్ర వేసి ఇంటికి వచ్చితిని.

మా ప్రాంతమున మిథున సంక్రాంతికి రజపండుగ జరుగును. ఆ మూడు దినములు భూమికి విశ్రాంతి. నాగలి కట్టరు, మన్ను త్రవ్వరు, ఆడపిల్లలు ఊయెలలూగుదురు. మొన్నటి రజపండుగకు మా తమ్ముని కుమారుడు హైదరాబాదునుండి వచ్చెను. అతడు అచ్చట సాఫ్ట్‌వేరు ఉద్యోగి. రాత్రి పగలు తెరయెదుటనే. పెదనాన్నగారూ, మీ యంత్రములోకూడ దీనిని పెట్టెదనని, నేను వలదనుచుండగనే ఆ గొర్రెబొమ్మను అమర్చి పోయెను. నీవు అది చెప్పినప్పుడెల్ల లేచుచుంటివా యని అడిగితిని. పని ఎక్కువగా నున్నప్పుడు లేవనని ఒప్పుకొనెను. అతని మణికట్టునకు పట్టీ యుండుట నేను అప్పుడే చూచితిని.

ఈ వ్యాసమును నేను ఆ యంత్రముమీదనే మెల్లగా కొట్టుచున్నాను. మౌసును ఎడమచేతికి మార్చుకొంటిని. ఆ నోటరీ కథ చదివిన తరువాత, గొర్రె లేచినప్పుడెల్ల నేనును లేచుచున్నాను.