ముగింపు లేని కథలో మనుషులు

1930లో షికాగోలోని డబ్ల్యూజీఎన్ రేడియో కోసం ఇర్నా ఫిలిప్స్ అనే రచయిత్రి ‘పెయింటెడ్ డ్రీమ్స్’ రాసింది. అంతకుముందు ఆమె బడిలో పాఠాలు చెప్పేది. ఇంటి పనుల్లో ఉన్న ఆడవాళ్లు రోజూ పావుగంట వినే కథ అది. అందులో పిల్లల బాగోగుల కోసం తపించే మదర్ మొయ్నిహాన్ పాత్రకు తానే గొంతునిచ్చింది. ఆ తర్వాత ఇలాంటి కథలకు సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టడంతో వాటికి ‘సోప్ ఒపేరా’ అన్న పేరు స్థిరపడింది. తెలుగు ఇళ్లలో సాయంత్రం దీపాలు పెట్టే వేళ మొదలయ్యే సీరియళ్ల వంశవృక్షం అక్కడి నుంచే మొదలవుతుంది.

నవల రాసేవారికి చివరి పేజీ ఎక్కడుందో తెలుసు. సినిమా రెండున్నర గంటల్లో లెక్క తేల్చేస్తుంది. డైలీ సీరియల్‌కు ఆ వెసులుబాటు లేదు. విలన్‌కు శిక్ష పడితే మర్నాటికి కథ ఉండదు. మంచి కోడలు ఇరవై ఏళ్లూ ఒకేలా మంచిగా ఉంటే చూసేవాళ్లు ఉండరు. పైగా నటులు పెద్దవాళ్లవుతారు, మానేస్తారు, కన్నుమూస్తారు. వీటన్నిటి మధ్య పాత్రలను మారుస్తూ, ఒకరి బరువును మరొకరికి సర్దుతూ కథ నడపడమే ఈ ప్రక్రియలో అసలు విద్య. తొంభై ఏళ్ల చరిత్రను వరుసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. పాత్ర ఎంత మారినా ప్రేక్షకులు ఒప్పుకుంటారు, కానీ ఆ పాత్ర తన గతాన్ని మోసుకుంటూ మారాలి.

ఇర్నా ఫిలిప్స్ మొదలుపెట్టిన మరో కథ ‘గైడింగ్ లైట్’ ఇందుకు తొలి పెద్ద ఉదాహరణ. 1937 జనవరిలో రేడియోలో మొదలై, 1952లో సీబీఎస్ టీవీకి మారి, 2009 సెప్టెంబరులో ఆగింది. మొత్తం 72 ఏళ్లు. మొదట్లో కథకు కేంద్రం రెవరెండ్ రథ్‌లెడ్జ్ అనే పాస్టర్. 1940ల చివరికి ఆయన పక్కకు తప్పుకున్నాడు, జర్మనీ నుంచి వలస వచ్చిన బాయర్ కుటుంబం మధ్యకు వచ్చింది. కేంద్రమే మారినా కథ కూలిపోలేదు.

ఆ ఇంటి కోడలు బెర్ట్ పాత్రను చారిటా బాయర్ 1950 నుంచి మూడు దశాబ్దాలకు పైగా పోషించింది. తొలి రోజుల్లో బెర్ట్ భర్తను సాధించే ఇల్లాలు, నోటి దురుసు మనిషి. 1962లో ఏగ్నెస్ నిక్సన్ అనే రచయిత్రి ఆమెకు గర్భాశయ క్యాన్సర్ కథ రాసింది. ఆడవాళ్లు పాప్ పరీక్ష చేయించుకోవాలని చెప్పడం ఆమె ఉద్దేశం. ‘క్యాన్సర్’, ‘గర్భాశయం’ అన్న మాటలు వాడకూడదని పైవాళ్లు షరతు పెట్టినా, ఆ మాటలు లేకుండానే విషయం చెప్పగలిగింది. అలా ఏళ్లు గడిచేకొద్దీ బెర్ట్ ఆ ఊరికంతటికీ పెద్దదిక్కయింది. 1980లలో నటికి జబ్బుచేసి కాలు తీసేయాల్సి వస్తే, అదే కష్టం బెర్ట్‌కూ వచ్చినట్టు రాశారు. గయ్యాళితనం నుంచి పెద్దరికం దాకా సాగిన ఈ ప్రయాణంలో ఎక్కడా గెంతు లేదు. వయసు, జబ్బు, భర్త తాగుడు మెల్లగా ఆమెను మలిచాయి.

పిల్లల విషయంలో మాత్రం సీరియళ్లు మొదటి నుంచీ గెంతులే వేశాయి. 1956లో మొదలైన ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’లో టామ్ హ్యూజ్ 1961లో పుట్టాడు. 1970ల తొలినాళ్లకల్లా వియత్నాం యుద్ధం చూసొచ్చిన యువకుడై తిరిగొచ్చాడు. అతని తల్లిదండ్రుల వయసు మాత్రం అంత పెరగలేదు. ప్రేమలకు, పెళ్లిళ్లకు కొత్త తరం కావాలి, పాత నటులను వదులుకోవడం ఇష్టం లేదు. ఈ రెండు అవసరాల మధ్య కుదిరిన రాజీ అది. మన హిందీ, తెలుగు సీరియళ్లలో ‘లీప్’ అంటున్నది దీని వారసురాలే.

మంచివాళ్ల కంటే చెడ్డవాళ్లను నిలబెట్టడం కష్టమైన పని. ఏగ్నెస్ నిక్సన్ 1970లో మొదలుపెట్టిన ‘ఆల్ మై చిల్డ్రన్’లో ఎరికా కేన్ స్వార్థం, పొగరు, అబద్ధాలు కలగలిసిన అమ్మాయి. ఆ పక్కనే నిక్సన్ ఆమెకు ఒక గాయాన్నీ ఇచ్చింది. సినిమా దర్శకుడైన తండ్రి ఆమెను చిన్నప్పుడే వదిలేసి వెళ్లిపోయాడు. ఎరికా ఎన్ని తప్పులు చేసినా ఆ లోటు ప్రేక్షకులకు గుర్తుండేది. సుసాన్ లూచీ ఆ పాత్రను 2011 దాకా, అంటే నాలుగు దశాబ్దాలు పోషించింది. 19వ నామినేషన్‌కు 1999లో డేటైమ్ ఎమ్మీ అందుకున్నప్పుడు సభంతా లేచి నిలబడింది. 1973లో మొదలైన ‘ద యంగ్ అండ్ ద రెస్ట్‌లెస్’లోకి 1980లో విక్టర్ న్యూమన్‌గా వచ్చిన ఎరిక్ బ్రేడెన్‌ది మొదట కొద్దికాలానికే అనుకున్న పాత్ర. భార్య ప్రియుణ్ణి నేలమాళిగలో బంధించే క్రూరుడు. అతను అనాథాశ్రమంలో పెరిగాడన్న గతం తోడవడంతో ఆ క్రౌర్యానికి మూలం దొరికింది, పాత్రకు ఆయుష్షు పెరిగింది.

ఈ చరిత్రలో అన్నిటికంటే బరువైన ఉదాహరణ ‘జనరల్ హాస్పిటల్’. 1979లో ల్యూక్ స్పెన్సర్ లారాపై అత్యాచారం చేశాడు. ప్రేక్షకులు ఆ జంటను ఇష్టపడటంతో రచయితలు ఆ ఘోరాన్ని ప్రేమకథగా మార్చేశారు. 1981 నవంబరులో వాళ్ల పెళ్లిని దాదాపు 3 కోట్ల మంది చూశారు. అమెరికా పగటి సీరియళ్లలో అంతటి ఆదరణ మరి దేనికీ దక్కలేదు. అయినా ఆ మచ్చ మాసిపోలేదు. 1998లో వాళ్ల కొడుకు లక్కీకి తండ్రి చేసిన పని తెలిసే కథ రాశారు. తండ్రిని దేవుడిలా చూసిన కుర్రాడు అతని ముందు నిలబడి నిలదీశాడు. దాటేసిన ప్రశ్నను దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత సీరియల్ తనే మళ్లీ ఎత్తుకోవాల్సి వచ్చింది. మొదట చేసిన తప్పును ఇది కడిగెయ్యదు. కానీ ప్రేక్షకుల జ్ఞాపకం ఎంత గట్టిదో ఆ రచయితలకు అర్థమైందని చెబుతుంది.

బ్రిటన్ దారి వేరు. అక్కడ తూకం నాయకుడి మీద కాక వీధి మీద నిలిచింది. టోనీ వారెన్ సృష్టించిన ‘కొరొనేషన్ స్ట్రీట్’ 1960 డిసెంబరు 9న మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. తొలి ఎపిసోడ్‌లో కెన్ బార్లో కాలేజీ చదువుతూ, కార్మిక కుటుంబమైన తన ఇంటి పద్ధతులకు సిగ్గుపడే కుర్రాడు. ఆ పాత్రలో విలియం రోచ్ అప్పటి నుంచీ ఉన్నారు, గిన్నిస్ రికార్డు కూడా ఆయనదే. సిగ్గుపడిన ఆ కుర్రాడే వీధిని వదలలేని ముసలాయన అయ్యాడు. 1983లో కెన్, భార్య డీడ్రె, మైక్ బాల్డ్విన్ మధ్య కథ నడిచినప్పుడు, చివరికి దంపతులు కలిసిపోయారన్న వార్తను మాంచెస్టర్ ఫుట్‌బాల్ మైదానం స్కోరుబోర్డు మీద వేశారు. డీడ్రెగా నటించిన ఆన్ కిర్క్‌బ్రైడ్ 2015 జనవరిలో కన్నుమూశారు. సీరియల్ తొందరపడి మరొకరిని తేలేదు. డీడ్రె ఊరెళ్లిందని చెబుతూ వచ్చి, ఆ జులైలో ఆమె తిరిగొస్తుందని ఇంట్లోవాళ్లు విందు ఏర్పాటు చేసుకుంటుండగా మరణవార్త చేరినట్టు చూపించారు. ఆ తర్వాత కెన్ ఒంటరితనమే కథయింది.

అదే దేశంలో 1985లో మొదలైన ‘ఈస్ట్‌ఎండర్స్’ ఇంకో పాఠం చెబుతుంది. 1986 క్రిస్మస్ రోజున డెన్ వాట్స్ భార్యకు విడాకుల కాగితాలిచ్చిన ఎపిసోడ్‌ను, పునఃప్రసారంతో కలిపి, 3 కోట్ల పైచిలుకు మంది చూశారు. 1989లో చనిపోయాడనుకున్న డెన్‌ను 2003లో బతికించి తెచ్చారు. తిరిగొచ్చిన రాత్రి సంచలనమే. అయితే అతను లేని పద్నాలుగేళ్లలో ఆ వీధి బరువులు వేరేవాళ్ల భుజాలకు మారిపోయాయి. 2005లో అతన్ని మళ్లీ చంపేశారు, ఈసారి నిజంగానే.

గతాన్ని ఏకంగా కొట్టేస్తే ఏమవుతుందో ‘డల్లాస్’ చూపించింది. అది వారానికోసారి వచ్చే రాత్రి సీరియల్. 1980లో కుటిలుడైన జేఆర్ పాత్రను కాల్చిందెవరన్న ప్రశ్నతో ప్రపంచాన్ని ఊపేసింది. 1985లో ప్యాట్రిక్ డఫీ మానేయడంతో అతను పోషించిన జేఆర్ తమ్ముడు బాబీ పాత్రను చంపారు. జేఆర్ కుటిలత్వానికి ఎదురుతూగిన మంచితనం బాబీదే. కావడిలో ఒక కుండ తీసేస్తే రెండోది నిలవదు కదా, జేఆర్ కూడా తేలిపోయాడు. 1986లో బాబీని వెనక్కి తేవడానికి, జరిగిన సీజనంతా అతని భార్య పామెలా కన్న కల అని తేల్చారు. ఏడాది పాటు మిగతా పాత్రలు పడ్డ బాధలు, నేర్చుకున్న పాఠాలు ఒక్క రాత్రిలో లేకుండా పోయాయి. దాని నుంచే పుట్టిన ‘నాట్స్ ల్యాండింగ్’లో మాత్రం బాబీ చావు అలాగే ఉండిపోయింది. ‘డల్లాస్’ 1991 దాకా నడిచినా, ప్రేక్షకుల నమ్మకం మునుపటిలా నిలవలేదు.

మెక్సికోలో ఈ తూకాన్ని ఒక పద్ధతిగా మలిచినవాడు మిగెల్ సబిదో. 1975లో వయోజన విద్య కోసం ‘వెన్ కొన్మిగో’ తీస్తూ పాత్రలను మూడు వర్గాలుగా పేర్చాడు: మంచి దారిలో నడిచేవాళ్లు, చెడు దారిలో పోయేవాళ్లు, ఈ రెంటి మధ్య ఊగిసలాడి చివరికి మారేవాళ్లు. ప్రేక్షకుడు తనను చూసుకునేది మూడో వర్గంలోనేనని అతని సిద్ధాంతం.

ఆ పద్ధతే దూరదర్శన్‌కు వచ్చింది. 1984 జులై 7న మొదలైన ‘హమ్ లోగ్’ 156 ఎపిసోడ్లు నడిచింది. రచన మనోహర్ శ్యామ్ జోషి, ప్రతి ఎపిసోడ్ చివర వ్యాఖ్యానం అశోక్ కుమార్. కుటుంబ నియంత్రణ ప్రచారం మోతాదు మించడంతో పదమూడు ఎపిసోడ్ల తర్వాత దాన్ని వెనక్కి నెట్టి, ఇంటి కథను ముందుకు తెచ్చారు. తాగుబోతు బసేసర్ రామ్ భార్య భాగవంతిని అణిగిమణిగి ఉండటం వల్ల వచ్చే నష్టానికి ఉదాహరణగా రాశారు. తీరా పరిశోధకులు అర్వింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అధ్యయనం చేస్తే, ఎంతోమంది మహిళలు ఆమెనే ఆదర్శంగా చెప్పారు. రచయిత ఒకవైపు పెట్టిన పాత్రను ప్రేక్షకులు రెండోవైపు పెట్టగలరని భారతీయ టీవీకి అప్పుడే తెలిసింది.

2000 జులై 3న స్టార్ ప్లస్‌లో మొదలైన ‘క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ’ ఆ ప్రేక్షకుల బలాన్ని ఇంకా గట్టిగా చవిచూసింది. నాయిక తులసి భర్త మిహిర్‌ను చంపేస్తే దేశమంతా గగ్గోలైంది, అతను బతికి తిరిగి రావాల్సి వచ్చింది. ఆ పాత్రలోకి అమర్ ఉపాధ్యాయ్ తర్వాత ఇందర్ కుమార్, రోనిత్ రాయ్ వచ్చారు. ముఖాలు మారినా తట్టుకుంది గానీ, మధ్యలో తులసిగా స్మృతి ఇరానీ స్థానంలో వేరే నటి వస్తే మాత్రం తట్టుకోలేకపోయింది. 1,833 ఎపిసోడ్ల ఆ ఇంటికి ఇరుసు ఆమె. 2008లో వచ్చిన ‘బాలికా వధు’ ఇంకా లోతుగా వెళ్లింది. బాల్యవివాహాన్ని ఇంటి ధర్మంగా నమ్మిన దాదీసా పాత్రలో సురేఖా సిక్రీ, ఏళ్ల మీద బాలవధువు ఆనంది పక్షానికి చేరుకున్న తీరు భారతీయ సీరియళ్లలో వచ్చిన అత్యుత్తమ పరివర్తనల్లో ఒకటి. ‘చిన్నారి పెళ్లికూతురు’ పేరుతో మా టీవీలో చూసిన తెలుగువాళ్లకు ఆ అవ్వ ఇప్పటికీ గుర్తే.

తెలుగులో ఈ విద్యకు పునాది వేసినవారిలో దర్శకురాలు మంజులా నాయుడు పేరు ముందు చెప్పాలి. యద్దనపూడి సులోచనారాణి రచన ఆధారంగా దూరదర్శన్‌లో ‘ఋతురాగాలు’, ఆ తర్వాత జెమినీలో 1,111 ఎపిసోడ్ల ‘చక్రవాకం’, 2008 నుంచి ‘మొగలిరేకులు’ ఆమె చేతి మీదుగా వచ్చాయి. ‘మొగలిరేకులు’లో సాగర్ ఆర్కే నాయుడు, మున్నా అనే రెండు పాత్రలు చేశారు. కథ ముందు తరానికి జరిగినా ప్రేక్షకులు మెచ్చిన ముఖం దూరం కాలేదు, కొత్త పాత్రకు పాత పాత్ర నీడ అండగా నిలిచింది.

‘కార్తీకదీపం’ మన కాలపు పెద్ద పరీక్ష. మలయాళ ‘కరుత్తముత్తు’ ఆధారంగా 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలైంది. నల్లని రంగు వల్ల అవమానాలు పడిన దీప, భార్యను అనుమానించే డాక్టర్ బాబు కార్తీక్, వాళ్ల మధ్య మోనిత. అయితే ఆ సీరియల్‌ను ఏళ్ల తరబడి నిలబెట్టిన తూకం అత్తగారు సౌందర్యది. నలుపంటే గిట్టని ఆవిడ తన తప్పు తెలుసుకుని, కన్నకొడుకును కాదని కోడలి వైపు నిలబడింది. అత్త మంచిదైతే ఏర్పడే ఖాళీని మోనిత దుర్మార్గం నింపింది. 2022 మార్చిలో కార్తీక్, దీప ప్రమాదంలో పోయినట్టు చూపించి, పిల్లలు హిమ, శౌర్యలను పెద్దవాళ్లను చేసి లీప్ వేశారు. అన్నేళ్ల అనుమానం, క్షమ, వంటలక్కగా దీప పడ్డ కష్టం పిల్లల కథలోకి చేరలేదు. రేటింగులు పడిపోయాయి. కొన్ని నెలలకే ఇద్దరినీ వెనక్కి తెచ్చినా, 2023 జనవరిలో సీరియల్ ముగిసింది. 2024 మార్చిలో అదే జంటతో కొత్త కథగా ‘కార్తీకదీపం: ఇది నవవసంతం’ మొదలవడం, ఆ రెండు పాత్రల మీద జనానికున్న మమకారానికి రుజువు.

వారం వారం వచ్చే టీఆర్పీలు, నటుల డేట్లు, ముందే తీసిపెట్టుకున్న నాలుగైదు ఎపిసోడ్లతో పరుగెత్తే షూటింగులు: వీటి మధ్య రచయిత ఊపిరి తీసుకునేదే తక్కువ. పాత్ర మారాల్సింది లోపలి నుంచి కాక పట్టికలోని అంకెల నుంచి అన్న ఒత్తిడి రోజూ ఉంటుంది. కానీ బెర్ట్ బాయర్, కెన్ బార్లో, దాదీసా, సౌందర్య నిలిచింది వాళ్ల నిన్నటిని రచయితలు దాచిపెట్టుకున్నందుకే. చానెళ్లు, నిర్మాతలు ఈ ఒక్క పని చేయాలి. ప్రతి సీరియల్‌కూ పాత్రల గతాన్ని ఎపిసోడ్ల వారీగా రాసిపెట్టే మనిషిని నియమించాలి, రచయితలు మారినా ఆ పుస్తకం చేతులు మారేలా చూడాలి. లీప్ వేసే ముందు, ఎవరినైనా చంపే ముందు దాన్ని ఒకసారి తిరగేయాలి. రోజూ అరగంట కేటాయించి ఏళ్ల తరబడి చూసే తెలుగు ప్రేక్షకులకు ఆ మాత్రం గౌరవం దక్కాలి.