పట్టా వచ్చాక మొదటి ఏడాది: నర్సుల రెసిడెన్సీ ఎలా పుట్టింది

మన హాస్టళ్లలో జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివే అక్కచెల్లెళ్లు చాలామంది ఉన్నారు. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కోర్సు అయిపోయాక ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు ఇంట్లో ఉండరు. అందుకే ఈసారి ఈ చరిత్ర రాస్తున్నాం. కథ అమెరికాది, కానీ ప్రశ్న మనది కూడా. పట్టా వచ్చిన మొదటి ఏడాది కొత్త నర్సు పక్కన ఎవరు నిలబడాలి? ఆ ఖర్చు ఎవరు పెట్టాలి?

ముందు నర్స్ ప్రాక్టీషనర్ అంటే ఎవరో చూద్దాం. నర్సింగ్‌లో పైచదువు చదివి, రోగిని పరీక్షించి, జబ్బు గుర్తించి, మందులు కూడా రాసే నర్సు. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ఈ శిక్షణ మొదలుపెట్టారు. ఫోర్డ్ అంతకుముందు పల్లెల్లో ప్రజారోగ్య నర్సుగా పనిచేసినావిడ. డాక్టరు అందని చోట నర్సే దిక్కు అని ఆవిడకి బాగా తెలుసు.

అదే 1965లో అమెరికాలో వృద్ధుల కోసం మెడికేర్ చట్టం వచ్చింది. ఆసుపత్రుల్లో డాక్టర్ల రెసిడెన్సీ ఖర్చులో పెద్ద వాటా మెడికేర్ నిధుల నుంచే రావడం మొదలైంది. అంటే కొత్త డాక్టరు జీతం తీసుకుంటూ, సీనియర్ల దగ్గర నేర్చుకుంటాడు. నర్స్ ప్రాక్టీషనర్‌కి ఆ ఏర్పాటు లేదు. పరీక్ష పాసైతే నేరుగా రోగుల ముందు కూర్చోవడమే. నలభై ఏళ్లు ఇలాగే నడిచింది.

2007లో దారి మారింది. కనెక్టికట్ రాష్ట్రంలో పేదలకు వైద్యం చేసే కమ్యూనిటీ హెల్త్ సెంటర్ అనే సంస్థలో మార్గరెట్ ఫ్లింటర్ మొదటి రెసిడెన్సీ పెట్టారు. ఆవిడ కూడా నర్స్ ప్రాక్టీషనరే. ఇలాంటి చోటికి వచ్చే రోగికి ఒక్క జబ్బు ఉండదు. షుగరు, బీపీ, మనసు బాధ, చేతిలో డబ్బు లేకపోవడం, అన్నీ కలిసే వస్తాయి. కొత్తగా చేరినవాళ్లు ఆ బరువు మోయలేక వెళ్లిపోతే నష్టపోయేది ఆ పేదలే. అందుకే జీతంతో పన్నెండు నెలల శిక్షణ పెట్టారు. నేర్పే సీనియర్‌కి ఆ పూట సొంత రోగులు ఉండరు. కొత్తవాళ్ల సందేహాలు తీర్చడమే ఆయన పని. అసలు కీలకం ఇదే అని మాకనిపిస్తుంది. తన పని తాను చేసుకుంటూ మధ్యలో చెప్పే సీనియర్‌కి, చెప్పడానికే కూర్చున్న సీనియర్‌కి చాలా తేడా ఉంటుంది.

2010 ఆరోగ్య చట్టంలో ఇలాంటి శిక్షణకు నిధుల మాట రాశారు గానీ పైసలు విడుదల కాలేదు. క్లినిక్‌లే తంటాలు పడి నడిపాయి. 2019లో గానీ ఇలాంటి రెసిడెన్సీల కోసమే కేంద్ర గ్రాంట్లు రాలేదు. నర్సుల్లోనే కొందరు, దీన్ని తప్పనిసరి చేస్తే మా చదువు చాలదని అందరూ అనుకుంటారని వాదించారు. ఆ భయం న్యాయమైనదే. ఇప్పటికీ అక్కడ ఇది ఇష్టమైతే చేసేదే.

మన దేశం సంగతి వేరు. భారత నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు పెట్టి, దాన్నే రెసిడెన్సీ అంది. అక్కడ పట్టా తర్వాత వచ్చేది, ఇక్కడ పట్టాలోనే ఉంది. అది ఐసీయూల కోసం. తెలంగాణలో 2017లో స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. అది కాన్పుల కోసం.

మరి ఏజెన్సీ పీహెచ్‌సీలో మొదటిసారి నైట్ డ్యూటీ ఎక్కే మన చెల్లెలి కోసం ఏముంది? పోస్టులు నింపమని మనం అడుగుతూనే ఉన్నాం, అడగాల్సిందే. దాంతోపాటు మొదటి ఏడాది నేర్పడానికే ఒక సీనియర్, నేర్చుకున్నంత కాలం పూర్తి జీతం కూడా అడుగుదాం. డాక్టరుకి అది హక్కు అయినప్పుడు నర్సుకి దయ ఎందుకవ్వాలి?

గ్రూపులో నర్సింగ్ అక్కలు మీ మాట కూడా రాయండి. జై ఆదివాసీ.