డిజిలాకర్ ఏ.పి.ఐ.

డిజిలాకర్ ఏ.పి.ఐ. అనగా ఒక సంస్థ తన ఖాతాదారుల ధ్రువపత్రాలను, వారి అనుమతితో, భారత ప్రభుత్వ డిజిలాకర్ వ్యవస్థ నుండి నేరుగా దిగుమతి చేసుకొనుటకు వాడే వెబ్ సేవా మార్గము. డిజిలాకర్ 2015 జూలై 1న ప్రారంభమైనది. బ్యాంకు ఖాతా తెరిచేవారు జిరాక్సు కాపీలు సమర్పించవలసిన అవసరాన్ని ఇది తప్పించగలదు.

పత్రాల నిల్వ

పేరును బట్టి పత్రాలన్నీ డిజిలాకర్‌లోనే దాచి ఉంటాయని అనుకోవడం సహజం, కానీ అది పాక్షికంగానే నిజం. జారీ అయిన పత్రాలు ఆయా శాఖల వద్దనే ఉంటాయి. లాకరులో ఉండేది వాటి చిరునామా (యు.ఆర్.ఐ.) మాత్రమే. జారీ చేసిన సంస్థ గుర్తు, పత్రం రకం, పత్రం సంఖ్య కలిసి ఈ చిరునామా ఏర్పడుతుంది. పౌరుడు స్వయంగా స్కాన్ చేసి ఎక్కించిన పత్రాలు వేరు. 2017లో సవరించిన నియమాల ప్రకారం మూలపత్రంతో సమానమైన గుర్తింపు జారీ అయిన పత్రాలకే ఉన్నది. 2018లో రైల్వే శాఖ డిజిలాకర్‌లోని ఆధార్, డ్రైవింగ్ లైసెన్సులను ప్రయాణంలో గుర్తింపుగా అంగీకరించినపుడు కూడా స్వయంగా ఎక్కించిన పత్రాలు చెల్లవని స్పష్టం చేసింది. కనుక ఏ.పి.ఐ. వాడే సంస్థ తనకు అందినది ఏ రకం పత్రమో తప్పక గమనించాలి.

దిగుమతి విధానం

సంస్థ ముందుగా నమోదు చేసుకొని ఒక గుర్తింపు సంఖ్యను, ఒక రహస్య కీని పొందుతుంది. తరువాతి వ్యవహారమంతా ఓఆత్ 2.0 అనే ప్రమాణం (2012) ప్రకారం నడుస్తుంది. ఖాతాదారును డిజిలాకర్ పుటకు పంపుతారు. అతడు అక్కడే లాగిన్ అయి అనుమతి ఇస్తాడు కాబట్టి అతని పిన్ గానీ ఓటీపీ గానీ సంస్థకు తెలియదు. అనుమతి ఇచ్చిన పిమ్మట సంస్థకు ఒక తాత్కాలిక కోడ్ వస్తుంది. దానిని రహస్య కీతో కలిపి పంపితే టోకెన్ లభిస్తుంది. ఆ టోకెన్ చూపి పత్రాల జాబితాను, యు.ఆర్.ఐ. ఆధారంగా కావలసిన పత్రాన్ని పొందవచ్చును. టోకెన్‌కు గడువు ఉంటుంది.

సరిచూచుట

పత్రంతో పాటు హెచ్‌మాక్ అనే విలువ కూడా వస్తుంది. అందిన ఫైలుకు, రహస్య కీని ఉపయోగించి, ఎస్.హెచ్.ఏ.-256 పద్ధతిలో అదే విలువను మరల లెక్కించి పోల్చాలి. రెండూ కలవకపోతే ఫైలు దారిలో మారినట్లే. ఈ మెట్టును వదిలివేసినా పత్రం తెరుచుకుంటుంది, అందువలన లోపం ఎవరి దృష్టికీ రాదు. రహస్య కీని సంస్థ సర్వరులోనే ఉంచాలి. మొబైల్ యాప్‌లో పెడితే, ఆ యాప్‌ను విప్పి చూడగలిగిన ఎవరైనా దానిని తీసుకొని ఆ సంస్థ పేరు మీద వాడుకొనే ప్రమాదం ఉన్నది.