జీపు దాహమునకు నిదానము

రెండవ ప్రపంచ సంగ్రామకాలమున అమెరికా సైన్యమునకై విల్లీస్ సంస్థ నిర్మించిన జీపునుండి మితవ్యయమును ఎవరును కోరలేదు. బురదలో దిగబడక, కొండవాలున నిలిచిపోక, అరువది అశ్వశక్తి గల ఇంజనుతో నాలుగు చక్రములను త్రిప్పుకొని ముందునకు సాగుటయే దానికి విధింపబడిన ధర్మము. ఆ బండి విడిభాగములను తెప్పించి 1940ల చివరలో బొంబాయిలో కూర్ప మొదలిడిన మహీంద్రా సంస్థ క్రమముగా ఇచ్చటనే దానిని నిర్మింపగా, యుద్ధభూమికై పుట్టిన వాహనము మన తాలూకా కచ్చేరీలకును, అటవీశాఖకును, 1959లో పంచాయతీ సమితులు ఏర్పడిన పిదప సమితి ఆఫీసులకును చేరెను. పెట్రోలు బిల్లు సర్కారు ఖాతాలో పడినంతకాలము దాని దాహమును గూర్చి చింతించినవారు అరుదు. వేలములో జీపు కొన్న రైతుకును, కంట్రాక్టరుకును ఆ నిశ్చింత ఎక్కడిది? “బండి పెట్రోలు తాగేస్తోంది మేస్త్రీ!” అను మొరతో వారు షెడ్డుకు వచ్చెడివారు. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు సరఫరాను బిగబట్టుటతో, పీపా మూడు డాలర్ల చేరువనున్న ముడిచమురు కొలది నెలలలో పన్నెండు డాలర్ల సమీపమునకు ఎగబ్రాకగా, ఆ మొర ఆర్తనాదమైనది.

మంచి మేస్త్రీ ఆయుర్వేద వైద్యునివలె మొదట ప్రకృతిని, పిదప వికృతిని చూచెడివాడు. నిటారుగా నిలిచిన అద్దము గాలికి ఎదురొడ్డుట, ముందు ఇరుసు రెండు చక్రముల నడకలో సైతము వ్యర్థముగా తిరుగుచుండుట జీపునకు జన్మగుణములు; వానికి మందు లేదు. మొరలో నిజమెంతయో తేల్చుటకు సీసా పరీక్ష ఉండెను. టాంకు గొట్టమును విప్పి, కొలిచిన పెట్రోలు గల సీసాను కట్టి, బండి తనంత తాను ఆగువరకు నడిపి, మీటరులో తిరిగిన దూరమును చూచెడివారు. ఆ మీటరునే నమ్మరాని సందర్భమొకటి కలదు: యజమాని ముచ్చటపడి పెద్ద టైర్లు వేయించినచో చక్రము తక్కువ చుట్లు తిరుగును గావున, బండి నిజముగా నడిచిన దూరము కంటె మీటరు తక్కువ చూపును. అట్టి బండికి లేని రోగమునకు చికిత్స చేసినవారు పెక్కుమంది.

రోగమున్నదని తేలినచో ఇంజను జోలికి పోకముందే చక్రమును జాకీపై లేపి చేతితో త్రిప్పి చూడవలెను. బ్రేకు పట్టుకొని ఉన్నచో అది బిగువుగా తిరుగును. కొంతదూరము నడిపి వచ్చిన పిదప డ్రమ్ముపై చేయి పెట్టిన వేడి తెలియును. తరువాత ప్లగ్గులు. ఊడదీసిన ప్లగ్గు కొన లేతగోధుమ వర్ణమున నున్న క్షేమము. తెల్లబడినచో మిశ్రమమున పెట్రోలు తక్కువ. పొడిమసి పట్టినచో పెట్రోలు ఎక్కువ. అప్పుడు చోకు పూర్తిగా తెరచుకొనుచున్నదా, కార్బురేటరులోని ఫ్లోటు సూది అరిగినదా, ఎయిర్ ఫిల్టరులో బురద నూనె నిండినదా అని వరుసగా వెదకి, పాయింట్ల గ్యాపును, టైమింగును సరిచేసెడివారు. జెట్టును మార్చుట కట్టకడపటి పని. తొందరపడి దానితోనే మొదలిడిన షెడ్లు బండిని బాగుచేయుటకు మారుగా పాడుచేసినవి.

మన షెడ్లు జీపునకు చేసిన మహాపకారము థర్మోస్టాటును తీసివేయుటయని నా దృఢాభిప్రాయము. వేసవిలో రేడియేటరు మరగుచున్నదని మొర వచ్చినంతనే, లోపల పేరుకొన్న సున్నపు పొరను శుభ్రపరచుటకు మారుగా ఆ చిన్న వాల్వునే పెరికి పారవైచిరి. దాని పని నీరు తగినంత వేడెక్కువరకు దానిని రేడియేటరులోనికి పోనీయకుండుట. అది లేని ఇంజను చలికాలపు ఉదయమున మైళ్లకొలది చల్లగానే నడచును. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాక సిలిండరు గోడలపై తడిగా నిలిచి, నూనెను కడిగివేసి, వ్యయముతోపాటు అరుగుదలను కూడ పెంచును. మరగుట ఆగినదని యజమాని సంతసించెను గాని, నాటినుండి పెరిగిన ఖర్చునకు హేతువు ఆ ఉపకారమేయని ఎరుగడయ్యెను.

చమురు సంక్షోభము పిమ్మట పెక్కు జీపులలో పెట్రోలు ఇంజను తొలగి డీజిలు ఇంజను వచ్చినది. నాజిలు పొగమంచువలె చిమ్ముచున్నదా, బొట్లుగా కార్చుచున్నదా అని పరీక్షించుట, నల్లపొగను చూచి పంపు సెట్టింగును సవరించుట కొత్త విద్యలైనవి. 1978లో పెట్రోలియం కన్సర్వేషన్ రిసెర్చి అసోసియేషను ఏర్పడి పొదుపును ప్రచారము చేయనారంభించెను.

జీపు పిదప 1994లో సుమో, 2002లో స్కార్పియో వంటి ఎస్‌యూవీలు వచ్చినవి. నేటి ఎస్‌యూవీలో ఇంధనమును కొలుచువాడు కంప్యూటరు. మేస్త్రీ చేతిలో ఫీలరు గేజీ ఉన్నచోట స్కానరు నిలిచినది. అయినను ఆ స్కానరు చూపు సంకేతములలో పీ0128 అనునది ఒకటి కలదు. ఇంజను నీరు ఉండవలసినంత వేడెక్కుట లేదని దాని అర్థము. థర్మోస్టాటు తెరచుకొని బిగిసిపోయినపుడు, ఇంజను ఇంకను చల్లగానే ఉన్నదని సెన్సారు తెలుపగా, కంప్యూటరు ఇంధనమును అధికముగా చిమ్మించును. ఒక చిన్న వాల్వు చేయు ఈ పనిని గ్రహింపక వేలు పోసి ఇంజెక్టర్లను మార్పించుకొనువారు నేటికిని కలరు. టైరులో గాలి తగ్గినను, బ్రేకు పట్టుకొన్నను ఇంజను కంప్యూటరు ఏ సంకేతమును చూపదు. వానికి గాలి గేజీయు, జాకీయు, డ్రమ్మునో డిస్కునో తడిమి చూచు అనుభవమును కావలెను.